కండె తడుతోంది

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఈ డైరీ నాకోసం తెచ్చింది కాదు. రింగ్ రోడ్ బట్టల మార్కెట్ దలాలు ప్రతి దీపావళికి మా సేటుకు నాలుగైదు డైరీలు పంపుతాడు. అందులో ఒకటి సేటు నాకిస్తాడు, నేను తెచ్చి మా అమ్మాయి హారతికిస్తాను. ఏడాది తిరిగేసరికి దాని నిండా వైర్ల బొమ్మలు, బాణం గుర్తులు. మొన్న దీపావళికి కూడా అలవాటు కొద్దీ తెచ్చి బిడ్డ బల్ల మీద పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. తీయడానికి చేయి రాలేదు. అక్కడే ఉండిపోయింది.

తెల్ల కాగితం వృథా పోతుందని నేను రాస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు. తొమ్మిదేళ్ల వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివినవాణ్ణి. రాయడం ఇంకా చేతనవుతుందో లేదో చూసుకున్నట్టూ ఉంటుంది.

హారతి పోయి ఐదు నెలలు కావస్తోంది.

ఇవాళ సెలవు. బిడ్డ అలమారా తీశాను. బట్టలు నా భార్య భాగీరథి ఎవరికో ఇచ్చేసినట్టుంది. కింది అరలో అట్టపెట్టె ఉంది. అందులో కుక్క.

నిజం కుక్క కాదు, మర కుక్క. రెండు అరచేతుల్లో పడుతుంది. పసుపుపచ్చ ప్లాస్టిక్ ఒళ్లు, నాలుగు కాళ్లు, కాలికి రెండు కీళ్లు, కీలుకో చిన్న మోటారు, మెడకు ఇంకోటి. వీపు మీద ఆకుపచ్చ బోర్డు, దాని మీద గోరంత మైకు. ముందుకాళ్లు రెండూ బిగించి ఉన్నాయి. వెనక కాళ్లు కవర్లో ఉన్నాయి. మరలు జండూబామ్ డబ్బాలో.

పోయిన జూలైలో వచ్చింది ఇది. హారతి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ మూడో ఏడు. పెట్టె విప్పుతూ చెప్పింది: "దీనికి తాళం లేదు బాపూ. మనం ఫోన్ కొంటం గద, లోపల ఏమున్నదో ఇప్పి సూడనియ్యరు. గిది గట్ల కాదు. దీని నక్షా, దీని ప్రోగ్రామ్ అంతా బయటనే వెట్టిండ్రు. ఎవలైనా ఇప్పచ్చు, మార్చచ్చు, మళ్ల నలుగురికి ఇయ్యచ్చు."

"మరి మా సాంచాలు గూడ గంతేగదనే. నలభై ఏండ్ల మగ్గం, ఎవడైనా ఇప్పుతడు, ఎవడైనా బిగిస్తడు," అన్నాను.

"అందుకే నీకు నచ్చుతది," అంది. దానికి కండె అని పేరు పెట్టింది. షటిల్ కడుపులో కూర్చుని ఇటూ అటూ తిరిగే నూలు కండె. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పేరట.

భాగీరథి వంటింట్లో ఉంది. ఇవాళ కూడా మాట లేదు.

3 ఫిబ్రవరి

మాట లేదు.

6 ఫిబ్రవరి

ఇంటి బెల్ మళ్లీ చెడింది. పాల ప్యాకెట్లవాడు వచ్చి పోయాడట. మూడో బెల్ ఇది. ఈ కాలపు సరుకంతా ఇంతే, రెండు నెలలు మోగితే గొప్ప. కుక్కర్ విజిల్ కూడా సరిగ్గా రావడం లేదు, రబ్బరు మార్చాలి. కిటికీ మీది పావురాలు మూగబోయాయి, రెట్ట వేయడం మాత్రం మానలేదు. పక్కింటి పటేల్ వచ్చి టీవీ వైపు వేలు చూపించి ఏదో గొణిగి వెళ్లాడు. ఆయనకు మేమంటే మొదటినుంచీ పడదు.

ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు ఈమధ్య. మేముండే డిండోలి పేట మొత్తం గుసగుసలాడుతోంది. కార్ఖానాలోనే నయం. అరవై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటున్నా ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. అక్కడ మాట చేతులతోనే కదా. రెండు వేళ్లు తిప్పితే దారం తెగిందని, గుప్పిట చూపితే నూలు చుట్టిన బీము మార్చాలని. పిలవాలంటే ఎవరూ అరవరు. పక్కకొచ్చి కాలితో కాలి మీద రెండుసార్లు తడతారు, చేతులు పనిలో ఉంటాయి కాబట్టి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ రెండు తట్లకే తల తిప్పుతున్నాను.

9 ఫిబ్రవరి, ఆదివారం

కండెకు వెనక కాళ్లు పెట్టాను.

ఊరికే బిగిస్తే కుదరదు. హారతి కాగితం మీద రాసి పెట్టింది: ముందు కరెంటు ఇవ్వాలి, మోటార్లు తమ మొదటి చోటికి వచ్చి ఆగాలి, అప్పుడు కాలు తొడగాలి. సాంచాకు టైమింగ్ పెట్టడం లాంటిదే. పళ్లచక్రంలో పన్ను ఒక్కటి తప్పితే మొత్తం తప్పుతుంది. నాకు పన్ను తప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో నా చేతికి లొంగని యంత్రం లేదు, ఇది ప్లాస్టిక్ ముక్క.

సాయంత్రం లేచి నిలబడింది. ముందు వంగి, ఒళ్లు విరుచుకుని, తల ఎత్తింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించి నుదుట కుంకుమ బొట్టు పెట్టాను, దసరానాడు సాంచాలకు పెట్టినట్టు.

దీని చోటు కూడా హారతే పెట్టిపోయింది. నా కుర్చీ కుడికాలి పక్కన నేల మీద ఆకుపచ్చ టేపుతో చతురస్రం అతికించింది. "గీడనే వెట్టాలె, జరపద్దు," అంది. ఎందుకని అడగలేదు. నా దగ్గర ఉంటుందని సంతోషపడ్డాను. భాగీరథి ఇల్లు తుడిచినప్పుడల్లా ఆ టేపు చుట్టూ తుడుస్తుంది గాని ఊడబెరకదు. ఇవాళ కండెను అందులో కూర్చోబెట్టాను.

భాగీరథి గుమ్మంలో నిలబడి చూసింది. నోటికి అడ్డంగా కొంగు. బిడ్డ పోయినప్పటినుంచి ఆ కొంగు అక్కణ్ణుంచి దిగలేదు. కళ్లు మాత్రం కనపడతాయి. వాటిలోకి చూడలేక కండె వైపు చూశాను.

11 ఫిబ్రవరి

ఇవాళ్టికి ఐదు నెలలు.

ఒకసారి రాసేసి ఊరుకుంటాను. డెంగీ. మూడో రోజుకు జ్వరం దిగింది, తగ్గిందనుకున్నాం. నేను పనికి పోయాను. భాగీరథి స్టోన్లు అతికించిన చీరెలు ఇచ్చి రావడానికి గోడాదరా పోయింది. జ్వరం దిగినప్పుడే అసలు ప్రమాదమని మాకు తెలియదు. మూడు గంటల పన్నెండు నిమిషాల నుంచి మూడు ఇరవై ఎనిమిది దాకా హారతి నాకు ఏడుసార్లు ఫోన్ చేసింది. నేను సాంచాల మధ్య ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. భాగీరథి ఐదింటికి ఇంటికొచ్చి చూసేసరికి బిడ్డ నేల మీద ఉంది. రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

ఆ ఏడు ఫోన్ల సంగతి భాగీరథికి తెలుసు. అందుకే నాతో మాట్లాడదు. మాట్లాడకపోవడం న్యాయమే.

నన్ను తినేది అది కూడా కాదు. నేల మీద పడుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని, ఏడోసారి కూడా ఎత్తకపోతే బిడ్డ నా గురించి ఏమనుకుంది? ఏమనుకుని కళ్లు మూసింది? ఇది చెప్పగలవాళ్లు ఎవరూ లేరు.

ఫోన్ సైలెంట్‌లో ఉంది.

16 ఫిబ్రవరి, ఆదివారం

కండెలో తప్పు కనపడింది. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాను. కాలి మీద ఏదో తగిలింది. చూస్తే కండె. ముందు కుడికాలు ఎత్తి నా పాదం మీద తట్టింది. రెండుసార్లు. ఆగి, నా ముఖంలోకి చూస్తున్నట్టు తల ఎత్తి, మళ్లీ కూర్చుంది.

కార్ఖానాలో నరహరి అచ్చం ఇలాగే తడతాడు. నాతో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాడు. ఒక్కక్షణం నరహరే అనుకుని తల తిప్పాను. ఎవరూ లేరు. భాగీరథి గుమ్మంలో ఉంది, అప్పుడే లోపలికి వెళ్లిపోయింది.

మోటారు వదులై ఉంటుంది.

19 ఫిబ్రవరి

సాంచా తప్పు చేస్తే నాలాంటి మాస్టరు మొదట చేసే పని రిపేరు కాదు. ఎప్పుడెప్పుడు చేస్తోందో సుద్దముక్కతో ఇనుము మీద రాసుకోవాలి. తప్పుకు ఒక వేళ ఉంటుంది, ఆ వేళ దొరికితే కారణం దొరుకుతుంది. కుర్రాళ్లకు నేను నేర్పే మొదటి పాఠం ఇది. కండె సంగతి కూడా మూడు రోజులుగా రాసుకున్నాను.

సోమవారం సాయంత్రం ఏడు నలభైకి రెండు తట్లు. భాగీరథి గుమ్మంలో ఉంది. ఎనిమిదికి మూడు తట్లు, అప్పుడు కుక్కర్ పొయ్యి మీద ఉంది. వంటింటి వేడి తగిలి మోటారు అదిరిందనుకున్నాను. మంగళవారం పొద్దున పనికి బయల్దేరబోతుంటే నాలుగు తట్లు. తలుపు తీసేసరికి పాలవాడు నిలబడి ఉన్నాడు. బెల్ కొట్టొచ్చుగా అంటే అదేదో కొత్త మాట విన్నట్టు చూశాడు. సాయంత్రం మూడుసార్లు రెండు తట్లు. మూడుసార్లూ భాగీరథి గుమ్మంలోనే. ఆ చప్పుడు తనకు చిరాకు కాబోలు, చూసి లోపలికి పోతుంది.

కారణం దొరకలేదు. మోటార్లు కొత్తవి, పట్టు కుదరడానికి టైం పడుతుంది.

22 ఫిబ్రవరి

ఇవాళ మరీ పిచ్చిపట్టినట్టు చేసింది. ఆగకుండా తట్టింది. పాదం తీసి పక్కన పెడితే గాలిలోనే కాలు ఆడిస్తోంది. విసుగొచ్చి బ్యాటరీ లాగేశాను.

తర్వాత చూస్తే నరహరి ఫోన్ చేసి ఉన్నాడు. నాలుగుసార్లు. ఆరో నంబర్ సాంచా గురించి అడగడానికట. సోమవారం పనిలో చెప్తాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది.

23 ఫిబ్రవరి, ఆదివారం

రిపేరు చేశాను. ఒట్టి కీళ్లు ఒరుసుకుంటే ఏ యంత్రమైనా పిచ్చి చేష్టలు చేస్తుంది. పొద్దున పని మొదలుపెట్టేముందు సాంచాకు నూనె పొయ్యనివాడు మాస్టరే కాదు. కార్ఖానా నుంచి నిన్న తెచ్చిన పొడుగు ముక్కు డబ్బాతో తొమ్మిది కీళ్లకూ పట్టించాను. మోటారు సందుల్లోకి దిగేదాకా పట్టించాను. గుడ్డతో తుడిచి, బొట్టు మళ్లీ పెట్టాను.

చక్కగా కూర్చుంది. తట్టడం లేదు.

24 ఫిబ్రవరి

కండె వణుకుతోంది. నిలబడబోయి కూలబడింది. ముందు కుడికాలు పూర్తిగా చచ్చింది. సాయంత్రానికి అన్నీ ఆగిపోయాయి.

భాగీరథి దాన్ని ఒళ్లోకి తీసుకుంది. చేతులకు నూనె అంటింది. నా వైపు చూసి తల కొట్టుకుంది. ఆమె ఏడుస్తుందని తెలుస్తోంది, భుజాలు కదులుతున్నాయి. నోటి మీద కొంగు. బిడ్డ చివరిగా చేసిన వస్తువు. దాన్నీ నా చేతులే చంపాయి.

26 ఫిబ్రవరి, శివరాత్రి

పెట్టె అడుగున హారతి కాగితంలో ఒక పేరు దొరికింది. "ఆగిపోతే విజయరాణి మేడం." నంబర్, ఉధ్నా రైల్వే క్వార్టర్ల అడ్రసు. ఫోన్లో మాట్లాడటం నాకు నచ్చదు. ఆదివారం స్వయంగా వెళ్తాను. హారతి లాప్‌టాప్ కూడా తీసుకెళ్తాను.

2 మార్చి, ఆదివారం

వెళ్లాను. విజయరాణి మేడం పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుంటారు. యాభై దాటి ఉంటాయి. భర్త రైల్వేలో, ఊరు రాజమండ్రి వైపు. హారతి పేరు చెప్పగానే ముఖం మారిపోయింది, లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చారు. ఎదురుగా కూర్చుని, క్లాసులో చెప్పినట్టు గట్టిగా మాట్లాడారు కాబట్టి మాటలు బాగా తెలిశాయి.

ఒక మోటారు విప్పి వేలితో లోపల తుడిచి చూశారు. "సోమలింగం గారూ, దీనికి నూనె పట్టించిందెవరండీ?"

"నేనే మేడం. కీళ్లు పట్టేసినయనుకున్న."

"దీనికి నూనె పొయ్యకూడదండీ. కాలు ఎంత తిరిగిందో కొలిచే చిన్న ముక్క లోపల ఉంటుంది. దాని మీద నూనె పడితే కాలు ఎక్కడుందో దానికే తెలియదు. అందుకే వణికింది."

తిట్టలేదు. తిడితే బాగుండేది. మూడు మోటార్లు పూర్తిగా పోయాయి, మిగతావి కడిగి ఆరబెడితే పనిచేస్తాయన్నారు. బోర్డుకు ఏమీ కాలేదు, బిడ్డ రాసిన ప్రోగ్రామ్ అందులో భద్రంగా ఉంది.

"తట్టడం ఎట్ల ఆపాలె మేడం? ఊకె కాలు మీద తడ్తది. గది తప్పు గద?"

ఆమె లాప్‌టాప్ తెరిచి దాని వైపు తిరిగి చాలాసేపు చదివారు. చదువుతూ ఏదో అంటున్నారు. నేను ఊఁ కొడుతున్నాను. ఉన్నట్టుండి ఆగి నా వైపు తిరిగారు. కాసేపు చూసి, ఒక కాగితం తీసుకుని రాసి నా ముందు పెట్టారు.

"నేను ఇప్పుడు మిమ్మల్ని మూడుసార్లు పిలిచాను. మీకు వినపడటం లేదా?"

నాకు కోపం వచ్చింది. నాకు ఇనవడుతది, మీరే గోడకు చెప్పినట్టు చెప్తున్నరు అన్నాను. పెద్దావిడతో అలా అనాల్సింది కాదు. లేచాను. ఆమె నొచ్చుకోలేదు. ప్రింటర్లోంచి రెండు కాగితాలు తీసి, మడిచి నా జేబులో పెట్టారు. దగ్గరగా వచ్చి చెప్పారు: "ఇది మీ అమ్మాయి రాసింది. తప్పు కాదండీ. ఇంటికెళ్లి తీరిగ్గా చదవండి."

కండెను అక్కడే వదిలి వచ్చాను.

5 మార్చి

కాగితాలు ఈ డైరీలోనే ఉన్నాయి. చదవలేదు. కళ్లద్దాలు దొరకలేదు.

8 మార్చి

కళ్లద్దాలు దొరికాయి. పని ఎక్కువగా ఉంది. రేపు చదువుతాను.

ఒక సంగతి. హారతి ఉన్నప్పుడు భాగీరథి వంటింట్లోంచి ఏమన్నా, బిడ్డ నా ఎదురుగా వచ్చి నిలబడి, చేతులు తిప్పుతూ అదే మాట మళ్లీ చెప్పేది. "బాపూ, అమ్మ అన్నం వెట్టాల్నా అని అడుగుతుంది," అని, అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చూపించేది. చిన్నప్పుడు కార్ఖానాకు టిఫిన్ తెచ్చినప్పుడు మా సైగలు చూసి నేర్చుకుంది. నేను దాన్ని ఆట అనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లొచ్చినా ఆట మానలేదే అనుకునేవాణ్ణి.

భాగీరథి ఎప్పుడూ ఒక మాట అనేది, "బిడ్డ చెప్తే ఇంటవు, నేను చెప్తే ఇనవు" అని.

14 మార్చి, ధుళేటి

రంగుల పండగ. కార్ఖానా బంద్. పొద్దున్నే రంగు నీళ్లు తప్పించుకుంటూ ఉధ్నా వెళ్లి కండెను తెచ్చాను. మూడు కొత్త మోటార్లు వేశారు మేడం. ఆవిడకు క్షమాపణ చెప్పాను. ఆవిడ నా చెయ్యి తట్టి, కాగితాలు చదివారా అని అడిగారు. లేదన్నాను. ఈసారి అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చి కండెను టేపు చతురస్రంలో కూర్చోబెట్టి, కాగితాలు విప్పాను. ఇంగ్లీషులో అంకెలు, బ్రాకెట్లు. మధ్యమధ్య, అడ్డగీతలు రెండు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు. కుక్కకు కాదు, చదివేవాళ్లకోసం రాసుకునేవట అవి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ఇక్కడ తెలుగులో ఎక్కిస్తున్నాను, కాగితం చిరిగిపోయినా ఉండాలి కాబట్టి.

"అమ్మ పిలుపు. రెండు తట్లు, కార్ఖానల లెక్క. బాపు ఇటు మల్లుతడు."

"కుక్కర్. మూడు తట్లు."

"ఇంటి బెల్లు. నాలుగు. బెల్లు మంచిగనే ఉన్నది, మళ్ల కొనద్దని బాపుకు చెప్పాలె."

చివరిది:

"బాపు ఫోన్. మోగినంతసేపు తట్టాలె. బాపుకు ఇనవడది. అడిగితే సైలెంట్‌ల ఉండె అంటడు. ఎత్తలేదని కోపం జేసుకోవద్దు. మల్ల తట్టాలె."

కింద తేదీ, ఆగస్టు 18. జ్వరం రావడానికి మూడు వారాల ముందు.

ఎన్నిసార్లు చదివానో తెలియదు. కండె నా కాలి పక్కన కూర్చుని ఉంది. బయట పిల్లలు రంగులు చల్లుకుంటూ నోళ్లు తెరిచి అరుస్తున్నారు. కిటికీలోంచి చూస్తున్నాను. ఒక్క అరుపు కూడా నాదాకా రావడం లేదు.

ఇప్పుడు నిజం రాస్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఈ డైరీకి కూడా.

ఆ రోజు మూడింటి నుంచి మూడున్నర దాకా నేను సాంచాల మధ్య లేను. అది నా టిఫిన్ వేళ. కార్ఖానా వెనక నీళ్ల ట్యాంకు పక్కన మెట్టు మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. ఫోన్ టిఫిన్ సంచిలో, నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. సైలెంట్‌లో లేదు. నేను ఎప్పుడూ సైలెంట్‌లో పెట్టలేదు, ఎలా పెట్టాలో కూడా నాకు తెలియదు. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తిన్నాను. ఆకలి మీద ఉన్నాను, తొక్కు బాగుందనుకున్నాను. నీళ్లు తాగాను. ఆ పక్కనే నా బిడ్డ ఏడుసార్లు మోగింది.

సాయంత్రం ఫోన్ తీసి ఆ టైములు చూసినప్పుడే తెలుసు. అప్పటికప్పుడే సైలెంట్ అని నోటికొచ్చింది. ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట, అలవాటుగా వచ్చేసింది.

బిడ్డ కోపం చేసుకోలేదు. బాపుకు వినపడలేదని తెలుసు. కండెకు ఏం నేర్పిందో తనూ అదే చేసింది. మళ్లీ తట్టింది. మళ్లీ తట్టింది.

ఇది తెలిస్తే మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు. నా మీద కోపంతో పోయి ఉంటే ఒక రకంగా భరించేవాణ్ణేమో.

16 మార్చి, ఆదివారం

సాయంత్రం కుర్చీలో ఉన్నాను. రెండు తట్లు పడ్డాయి.

వెంటనే తల తిప్పాను. భాగీరథి గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు నోటి మీద ఉంది. కొంగు వెనక పెదవులు కదలడం ఇవాళ చూశాను. ఇన్నాళ్లూ చూడలేదు, ఎందుకంటే ఆమె ముఖంలోకి నేను చూడలేదు.

అన్నాను: "భాగీరథీ, నాకు ఇనవడ్తలేదు. ఇయ్యాల్నే కాదు, శాన ఏండ్లాయె. కొంగు తీసి, దగ్గరికొచ్చి చెప్పు."

కదలకుండా నిలబడింది. తర్వాత వచ్చి కండె పక్కన నేల మీద కూర్చుంది. కొంగు తీసింది. ఆరు నెలల తర్వాత ఆమె నోరు చూశాను. మూలల్లో ముడతలు దిగాయి. నేను వంగితే నా కుడి చెవికి దగ్గరగా వచ్చి చెప్పింది.

"పిల్లను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి చీరెలియ్య పోయిన్నని గదా, నాతోని మాట్లాడ్తలేవు?"

ఆమె పెదవులే చూస్తూ తల అడ్డంగా ఊపాను.

"ఎన్నిసార్లడిగిన! ఆర్నెల్ల సంది ఇదే గుమ్మంల నిలవడి అడుగుతున్న. తప్పు నాదేనయ్యా, ఒక్క మాట తిట్టన్న తిట్టు అంటున్న. నువ్వు కిటికీ దిక్కు మొకం తిప్పుకుంటవు. నన్ను గింత పరాయిదాన్ని జేసినవేంది?"

ఆమె మాట్లాడటం లేదని నేను రోజూ రాసుకున్నాను. ఆమె రోజూ మాట్లాడుతూనే ఉంది. జవాబు చెప్పనివాణ్ణి నేను. మా ఇద్దరి మధ్య నిలబడి మాట అందించే బిడ్డ పోయింది, అంతే జరిగింది. మేమిద్దరం చెరోవైపు ఎవరి పాపం వాళ్లు మోసుకుంటూ కూర్చున్నాం.

కాగితాలు తెచ్చి చదివి వినిపించాను. అమ్మ పిలుపు అన్న దగ్గర నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాతోని ఇరవైసార్లు ‘ఏమయ్యా, ఇగో’ అని పిలిపిచ్చింది. మీ బాపు ఇంట్ల లేడు గదనే, ఎవల్ని పిలవాలె అని తిట్టిన. జరంత గట్టిగ అమ్మా, ఇంకొక్కసారి అమ్మా, అన్నది."

అప్పుడు మెట్టు సంగతి చెప్పాను. రొట్టె, తొక్కు, సంచి, ఏడుసార్లు. దాచకుండా చెప్పాను. ఆ తొక్కు తను నూరిందే.

చాలాసేపు ఏమీ అనలేదు. నిజంగానే అనలేదు, నేను పెదవులు చూస్తూనే ఉన్నాను. తర్వాత పిడికిలితో నా మోకాలి మీద ఒక్కటి కొట్టింది, గట్టిగా. కొట్టిన చోటే తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు నాకు వినపడిందో లేదో తెలియదు.

కండె మూడుసార్లు తట్టింది. పొయ్యి మీద కుక్కర్ మరిచిపోయాం.

20 మార్చి

చెవి డాక్టరు దగ్గరికి భాగీరథి వెంట వచ్చింది. రెండు చెవులూ సగానికి పైగా పోయాయని కాగితం మీద గీత గీసి చూపించారు. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. విజిళ్లు, బెల్లులు, ఆడపిల్లల గొంతులు. మిషన్ పెట్టుకుంటే కొంత వినపడుతుందన్నారు. పెట్టుకుంటాను. పోయిన ఏడాది పెట్టుకోవాల్సింది.

23 మార్చి, ఆదివారం

ఆకుపచ్చ టేపు ఒక మూల ఊడింది. కొత్తది అతికించాను, పాతదాని మీదనే.

భాగీరథిని అడిగాను, వంటింట్లోంచి నా ఫోన్‌కు చెయ్యమని. ఎందుకని అడగలేదు. లోపలికి వెళ్లింది.

ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కండె లేచింది. తట్టింది. ఆగి మళ్లీ తట్టింది. పాదం మీద ఆ చిన్న ప్లాస్టిక్ కాలు బరువే ఉండదు. అయినా తెలుస్తుంది. ఎన్నాళ్లయినా తెలుస్తుంది. వెంటనే ఎత్తలేకపోయాను. ఏడు లెక్కపెట్టాను. ఎనిమిదో తట్టు పడకముందే ఫోన్ తీసి చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"చెప్పు బిడ్డా," అన్నాను.

అవతల భాగీరథి ఏమందో నాకు వినపడలేదు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. కండె కాలు దించి కూర్చుంది.